బధిర విద్యార్థి సంజ్ఞా భాష పరిశోధనలోకి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పలకాబలపం
సోమవారం, రాత్రి 9:40

నేను భాషాశాస్త్రం పాఠాలు చెప్తాను. ఈ ఏడాది నా క్లాసులో ఒక బధిర విద్యార్థి చేరాడు. మొదటి నెలంతా ఓష్ఠ్యాలు, దంత్యాలు, నాలుక ఎక్కడ తగిలితే ఏ ధ్వని పుడుతుంది, ఇదే గొడవ. అతను వెనక బెంచీలో కూర్చుని దుబాసీ చేతులకేసి చూస్తూ ఉండేవాడు. పాపం ఇతనికి ఇదంతా ఎందుకూ అని లోపల అనుకుంటూనే నా పాఠం నేను చెప్పుకుపోయాను. ఒకరోజు క్లాసయ్యాక వచ్చి ఫోన్‌లో టైప్ చేసి చూపించాడు: "నాలుకకి చోట్లున్నట్టే చేతికీ చోట్లున్నాయి. దాని గురించి ఎవరూ రాయలేదా?"

రాశారని చెప్పాను. విలియం స్టోకీ 1960లోనే అమెరికన్ సంజ్ఞా భాషని చేతి ఆకారం, చోటు, కదలిక అని విడగొట్టి చూపించాడని బోర్డు మీద రాసి చూపించాను. అప్పటినుంచి నన్ను వదలట్లేదు. ఇప్పుడు ఏకంగా పరిశోధన చేస్తానంటున్నాడు.

నా ఇబ్బందులు ఇవీ. నాకు సంజ్ఞా భాష రాదు, వచ్చినవి ఓ పది పన్నెండు సంజ్ఞలు. అతనికి తెలుగు చదవడం పర్వాలేదు, ఇంగ్లీషు వ్యాసాలు మాత్రం కొరకరాని కొయ్య. ఈ రంగంలో రాసిందంతా దాదాపు ఇంగ్లీషే. ఈ దారిలో నడిచినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. "ప్రోత్సహించండి సార్" లాంటి మాటలొద్దు, రేపు క్లాసుకెళ్ళి ఏం చెయ్యాలో చెప్పండి.


దుబాసీ
సోమవారం, రాత్రి 10:25

మాస్టారూ, నేనూ సంజ్ఞా భాష దుబాసీనే. ముందు ఒక చిన్న దిద్దుబాటు. అతను చూసేది దుబాసీ చేతులకేసి కాదు, మొహంకేసి. సంజ్ఞా భాష వచ్చినవాళ్ళ చూపు ఎదుటివాళ్ళ మొహం మీదే ఉంటుంది, చేతులు పక్కచూపులో పడతాయి. ప్రశ్న, షరతు, కాదు అనడం, ఇవన్నీ కనుబొమల్లో, తల ఊపులో ఉంటాయి మరి. వినికిడి ఉన్నవాళ్ళం చేతులే భాష అనుకుంటాం. ఈ ఒక్క పొరపాటు మీరు సరిదిద్దుకుంటేనే అతనికి మీ మీద సగం నమ్మకం వస్తుంది.

క్లాసు సంగతి. మీరు బోర్డు మీద వాక్య నిర్మాణాన్ని చెట్టులా గీస్తూ "ఈ కొమ్మ చూడండి" అంటారు. మిగతావాళ్ళు వింటూ చూస్తారు. అతను బోర్డు చూస్తే నన్ను చూడలేడు, నన్ను చూస్తే కొమ్మ పోతుంది. గీసి ఆగండి. అతను చూసి నావైపు తిరిగాక మాట్లాడండి. మొదట్లో మీకు నత్తనడకలా ఉంటుంది, తర్వాత క్లాసంతా బాగుపడుతుంది.

ఇంకోటి, పాఠం నోట్సు ముందురోజే దుబాసీకి ఇవ్వండి. 'మార్ఫీమ్' (అర్థమున్న అతిచిన్న భాషా ముక్క) అన్న మాట మొదటిసారి మీ నోట్లోంచే వింటే నేను చెయ్యగలిగింది అక్షరాలు వేళ్ళతో పేర్చడమే. అలా గంటలో ముప్ఫై మాటలు పేరిస్తే అతనికి అందేది అక్షరాల మూట, పాఠం కాదు. గంట క్లాసుకి ఒక్కరే దుబాసీ ఉంటే చివరి అరగంట అనువాదం మీద ఆశ వదులుకోండి. ఇరవై నిమిషాలకో అరగంటకో మారాలి, అందుకే ఇద్దరుండాలంటాం. చేతుల నొప్పి మాట అటుంచండి, ముందు బుర్ర అలిసిపోతుంది.


రెండు చేతులు
మంగళవారం, ఉదయం 7:10

నేను బధిరురాలిని. సంజ్ఞా భాష మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. కాబట్టి మీ ప్రశ్న నాదే అనుకోండి.

నన్ను ఈ రంగంలోకి మొదట పిలిచింది పరిశోధకురాలిగా కాదు, 'డేటా'గా. కెమెరా ముందు కూర్చోబెట్టి బొమ్మలు చూపించేవాళ్ళు, చూసింది సంజ్ఞల్లో చెప్పమనేవాళ్ళు. తర్వాత ఒక వాక్యం చూపించి "ఇది సరేనా, తప్పా?" అని అడిగేవాళ్ళు. అలా మూడు మధ్యాహ్నాలు. ఎందుకు తప్పు అని నన్నెవరూ అడగలేదు, నేను చెప్పబోతే రాసుకోలేదు. రెండేళ్ళ తర్వాత ఒక సదస్సులో తెర మీద నా మొహం కనిపించింది. కింద రాసిన అర్థం తప్పు. నేను చేసింది "ఇంకా రాలేదు", వాళ్ళు రాసింది "రాలేదు". ఆ 'ఇంకా' నా నోటి కదలికలో ఉంది, వాళ్ళు చేతులు మాత్రమే చూశారు. చెయ్యెత్తి చెప్పాను. "తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఆ తర్వాత ఇంకా రాలేదు.

కాబట్టి మాస్టారూ, మొదటి సలహా: అతన్ని ఎప్పుడూ "సరేనా, తప్పా" దగ్గర ఆపకండి. "ఎందుకు?" అని అడిగి, ఆ జవాబుని రాసుకోండి. వీడియో తీసుకోండి, అది ఇంకా మంచిది. అక్కడ అతను సమాచారం ఇచ్చేవాడు కాదు, విశ్లేషించేవాడు అవుతాడు. తేడా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

రెండోది, అతనికి స్టోకీ పేరొక్కటే చెప్పి వదిలెయ్యకండి. 1965లో వచ్చిన అమెరికన్ సంజ్ఞా భాష నిఘంటువు మీద ముగ్గురి పేర్లున్నాయి: స్టోకీ, డొరొతీ క్యాస్టర్‌లైన్, కార్ల్ క్రోనెబెర్గ్. ఆ చివరి ఇద్దరూ బధిరులు. ఇద్దరూ అమెరికాలో బధిరుల కోసం ఉన్న గాలడెట్ విద్యాసంస్థలో చదువుకుని అక్కడే పాఠాలు చెప్పినవాళ్ళు. సంజ్ఞల్ని ఇంగ్లీషు అక్షరక్రమంలో కాకుండా చేతి ఆకారం, చోటు, కదలిక వరసలో పేర్చిన నిఘంటువు అది. అంటే ఈ శాస్త్రం పుట్టిన రోజు నుంచీ గదిలో మా వాళ్ళున్నారు. చాలామంది చెప్పేటప్పుడు ఒక్క పేరుతో ఆపేస్తారు. నేను డిగ్రీ అయ్యేదాకా ఆ ఇద్దరి సంగతి నాకు తెలీదు. తెలిసిన రోజు రాత్రి నిద్రపట్టలేదంటే నమ్మండి.


నిదానస్తుడు
మంగళవారం, ఉదయం 11:30

ఎవరూ తిట్టుకోకపోతే ఒక మాట. భాష రావడం వేరు, భాషాశాస్త్రం రావడం వేరు. తెలుగు మాట్లాడే ప్రతివాడూ చిన్నయసూరి అవుతాడా? ఆ కుర్రాడికి సంజ్ఞా భాష పుట్టుకతో వచ్చినంత మాత్రాన పరిశోధకుడు కాడు. రేపు థీసిస్ ఇంగ్లీషులో రాయాలి, జర్నల్‌కి ఇంగ్లీషులో పంపాలి. ఆ ఇంగ్లీషు సంగతి తేల్చకుండా ఎన్ని సలహాలిచ్చినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పైగా చదివాక ఉద్యోగం ఎక్కడ? ఆశపెట్టి నడిసముద్రంలో వదిలెయ్యడం న్యాయం కాదు.


రెండు చేతులు
మంగళవారం, మధ్యాహ్నం 1:05

నిదానస్తుడు గారూ, శంఖం ఊదండి, పర్వాలేదు. నాకు శబ్దం రాదు గానీ ఊదేవాడి బుగ్గలు ఉబ్బడం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. సరదాకి అనట్లేదు, అమెరికన్ సంజ్ఞా భాషలో బుగ్గలు పూరించడం వ్యాకరణమే. ఒక సంజ్ఞతోపాటు బుగ్గలు పూరిస్తే 'చాలా పెద్ద', 'బోలెడు' అన్న అర్థం కలుస్తుంది. మీ సామెతలో ఒక పరిశోధనాంశం ఉంది, చూశారా?

చిన్నయసూరి సంగతి. ప్రతివాడూ చిన్నయసూరి కాడు, నిజమే. కానీ తెలుగు రాకుండా చిన్నయసూరి బాలవ్యాకరణం రాశాడా? మా భాష దగ్గరికొచ్చేసరికి మాత్రం, భాష రానివాళ్ళు వ్యాకరణం రాయడం మామూలు, వచ్చినవాళ్ళు రాస్తామంటే ఆశ్చర్యం. 1880లో మిలాన్‌లో సభ పెట్టి బధిరుల బడుల్లో సంజ్ఞలొద్దు, నోటిమాటే నేర్పాలని తీర్మానం చేశారు. 164 మంది ప్రతినిధుల్లో బధిరుడు ఒక్కడే. ఆ తీర్మానం తప్పని అదే సభల పరంపర ఒప్పుకోవడానికి 2010 దాకా పట్టింది, వాంకూవర్‌లో. మా గురించి మేం లేకుండా తేల్చితే అలా ఉంటుంది.

ఇంగ్లీషు గురించి మీరన్నది కొట్టిపారెయ్యను. దానికి విడిగా రాస్తాను.


ఎలాన్ కూలీ
మంగళవారం, రాత్రి 8:50

పేరు చూసి నవ్వకండి, నా పని అదే. సంజ్ఞా భాష వీడియోలకి గుర్తులు పెట్టే పని ఐదేళ్ళుగా చేస్తున్నాను. నేను వినికిడి ఉన్నవాణ్ణి, నాతో కూర్చుని పనిచేసే ఇద్దరూ బధిరులు. వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను.

మాస్టారు 'రేపు ఏం చెయ్యాలి' అన్నారు కదా. రేపు అతని కంప్యూటర్‌లో ఎలాన్ వెయ్యండి, వీడియోకి గుర్తులు పెట్టే సాఫ్ట్‌వేర్ అది. నెదర్లాండ్స్‌లో నైమెగెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ తయారుచేసింది, ఉచితం. వీడియో పైన ఆడుతుంటుంది, కింద కాలరేఖ మీద వరసలుంటాయి. కుడిచేతికి ఒక వరస, ఎడమచేతికి ఒకటి, కనుబొమలకి ఒకటి, నోటికి ఒకటి, అర్థానికి ఒకటి. ఏ క్షణంలో ఏది మొదలై ఎక్కడ ఆగిందో పెట్టుకుంటూ పోవాలి. రెండు చేతులు గారి 'ఇంకా రాలేదు' తప్పు ఎలా జరిగి ఉంటుందో నాకు చూడకుండానే తెలుసు. నోటి వరస పెట్టలేదు. అంతే.

అతని సొంత వీడియోతోనే మొదలుపెట్టించండి, ఒక్క నిమిషం చాలు. తేలిగ్గా అనిపిస్తుంది గానీ, ఒక్క నిమిషం వీడియోకి నాకు పూటంతా పట్టిన రోజులున్నాయి. ఒక సంజ్ఞ ఎక్కడ అయింది, ఇంకోటి ఎక్కడ మొదలైంది? చెయ్యి ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్ళే దారి సంజ్ఞలో భాగమా, ఉత్త ప్రయాణమా? ఈ ప్రశ్నతో ఒక వారం కొట్టుకుంటే అతను వ్యాసం చదవకుండానే వ్యాసం మధ్యలోకి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత అదే ప్రశ్న మీద రాసిన వ్యాసం ఇస్తే, ఇంగ్లీషు ఎంత కష్టమైనా, దేని గురించి మాట్లాడుతున్నారో ముందే తెలుసు కాబట్టి పీక్కుని చదువుతాడు. ముందు వ్యాసం, తర్వాత వీడియో అన్న వరస పెడితే చాలామంది మొదటి పేజీలోనే పోతారు. నేను చూశాను.

అర్థాల వరసలో ఒక ఉచ్చు ఉంది. ప్రతి సంజ్ఞకీ ఒక ఇంగ్లీషు మాట పెద్దక్షరాల్లో రాయడం ఆనవాయితీ. అది గుర్తు మాత్రమే, అనువాదం కాదు. కానీ రాసీ రాసీ మనిషి ఆ మాటనే భాష అనుకోవడం మొదలుపెడతాడు. 'కుర్చీ', 'కూర్చోవడం' చూడండి. అమెరికన్ సంజ్ఞా భాషలో రెండూ ఒకే సంజ్ఞ అని చాలాకాలం అనుకున్నారు. టెడ్ సుపల్లా బధిర కుటుంబంలో పుట్టిన బధిరుడు, ఇంకా పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో, 1978లో, ఎలిస్సా న్యూపోర్ట్‌తో కలిసి చూపించాడు: క్రియకి ఒక కదలిక, నామవాచకానికి చిన్నగా, బిగువుగా, రెండుసార్లు. ఒకటి రెండు జతల్లో కాదు, జతల జాబితాలో వరసగా. ఆ తేడా రోజూ అందరి కళ్ళ ముందూ ఉన్నదే. బధిర విద్యార్థి వస్తే రంగానికేం లాభం అని అడిగేవాళ్ళకి నేను ఈ కుర్చీ చూపిస్తాను.

ఇంకో మాట, ఇది తప్పకుండా చెయ్యండి: గుర్తులు పెట్టే పనికి డబ్బివ్వండి. "నేర్చుకుంటున్నాడు కదా" అని ఊరికే చేయించుకోవద్దు. వ్యాసంలో పేరు వెయ్యండి, చివర్లో ధన్యవాదాల పేరాలో కాదు, పైన.


చిన్నదాని అమ్మ
బుధవారం, ఉదయం 6:20

చాలా రోజులుగా ఈ వేదిక చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. పుట్టుకతో వినపడదు. మాకెవరికీ సంజ్ఞా భాష తెలీదు. ఆరేళ్ళ దాకా పెదాలు చూసి మాట్లాడటమే నేర్పించాం, చేతులు కదిపితే మాట రాదని ఒకాయన చెప్తే నమ్మి చేతులు పట్టుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది. ఏడో ఏట ఇంకో బళ్ళో వేశాం, అక్కడి పిల్లల దగ్గర ఆరు నెలల్లో నేర్చేసుకుంది.

నా ప్రశ్న. మీరంతా పుట్టుకతో భాష వచ్చినవాళ్ళ గురించి మాట్లాడుతున్నారు. మా అమ్మాయిలా ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళు ఇలాంటి చదువుకి పనికొస్తారా? నిన్న ఇదంతా చదివి చూపిస్తే "నేనూ చేస్తా" అంది. ఊరికే ఆశ పెట్టకూడదని అడుగుతున్నాను.


రెండు చేతులు
బుధవారం, ఉదయం 7:45

అమ్మా, మీ అమ్మాయిది అరుదైన కథ కాదు, మామూలు కథ. అమెరికా లెక్కల్లో బధిర పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడతారు. అంటే ఇంట్లో భాష దొరకనివాళ్ళే ఎక్కువ. నేనూ అంతే, నాకు ఐదో ఏట దొరికింది. సుపల్లా లాంటివాళ్ళు తక్కువమంది.

ఒక సంగతి దాచకుండా చెప్తాను. ఈ వాక్యం సహజంగా ఉందా లేదా అని తేల్చాల్సిన పరిశోధనల్లో చిన్నప్పటినుంచీ వచ్చినవాళ్ళనే అడుగుతారు. భాష ఏ వయసులో దొరికిందన్నది తర్వాత ఎంతో కాలం దాకా తేడా చూపిస్తుందన్న దాని మీద రేచెల్ మేబెర్రీ, న్యూపోర్ట్ వంటి పరిశోధకులు చాలా పని చేశారు. కానీ అది ఎవర్ని అడగాలన్న నియమం, ఎవరు అడగాలన్న నియమం కాదు. ఆలస్యంగా దొరికితే లోపల ఏం జరుగుతుందన్నది లోపల్నుంచి చూసిన మనిషి మీ అమ్మాయి. ఆ ప్రశ్న తనకున్నంత పదునుగా ఇంకెవరికి ఉంటుంది?

చేతులు పట్టుకున్న సంగతి. మా అమ్మా పట్టుకుంది. ఇప్పుడు మేమిద్దరం పోట్లాడుకునేది సంజ్ఞల్లోనే. మీరు ఈ రోజు నుంచి నేర్చుకోండి, మీ అమ్మాయే మాస్టరు.


నిదానస్తుడు
బుధవారం, మధ్యాహ్నం 12:15

సామెత వాడినందుకు క్షమించండి. నోటికలవాటైపోయింది. చిన్నయసూరి దగ్గర దెబ్బ తిన్నాను, ఒప్పుకుంటున్నాను. ఇంగ్లీషు గురించి మాత్రం రాస్తానన్నారు, ఎదురుచూస్తున్నా.


రెండు చేతులు
బుధవారం, రాత్రి 9:30

రాస్తున్నా. పెద్దగానే ఉంటుంది.

ముందు మీ వైపు. చదవకుండా పరిశోధన లేదు. "బధిరులు కదా, ఇంగ్లీషు వదిలెయ్యండి" అని జాలిపడే గురువు కన్నా కఠినమైన గురువే మేలు. నా మొదటి గురువు నా మీద జాలిపడి ఏమీ చదివించలేదు. ఆ రెండేళ్ళు నాకు తిరిగి రాలేదు.

కానీ ఎలా చదవాలి అన్నది వేరే సంగతి. మేం నలుగురం వారానికొకసారి వీడియో కాల్‌లో కలిసేవాళ్ళం. వ్యాసం మొత్తం కాదు, రెండు పేజీలు. ఒక్కొక్కళ్ళం ఒక పేరా చదివి సంజ్ఞల్లో చెప్పాలి, మిగతావాళ్ళు అడ్డుప్రశ్నలు వెయ్యాలి. సంజ్ఞల్లో చెప్పలేకపోతే అర్థం కాలేదన్నమాట, ఇంగ్లీషు మాటల వెనక దాక్కోవడానికి లేదు. అదంతా రికార్డు చేసి పెట్టుకున్నాం. మా తర్వాత వచ్చినవాళ్ళు ఆ వీడియోలు చూసి మొదలుపెట్టారు.

పారిభాషిక పదాలు కూడా అక్కడే పుట్టాయి. 'మార్ఫీమ్'కి సంజ్ఞ కావాలని ఎవరూ కమిటీ వెయ్యలేదు. మొదటివారం అక్షరాలు పేర్చాం, మూడోవారానికి విసుగొచ్చి కుదించాం, రెండు నెలలకి ఒకటి నిలిచింది. మాస్టారూ, దయచేసి మీరూ దుబాసీ కూర్చుని సంజ్ఞలు తయారుచెయ్యకండి. పదం వాడేవాళ్ళ మధ్య పుట్టాలి.

రాయడం గురించి. నా వాదనని నేను మొదట సంజ్ఞల్లో వీడియో తీసుకుంటాను. అది నా చిత్తుప్రతి. దాన్ని చూసి రాసుకుంటాను. ఒకసారి నేరుగా ఇంగ్లీషులో మొదలుపెట్టాను, వాక్యాలన్నీ వచ్చాయి, వాదన పోయింది. మా గైడు ఇప్పుడు నెలకోసారి రిపోర్టు వీడియోలోనే తీసుకుంటారు. అందుకోసం ఆయన సంజ్ఞా భాష నేర్చుకోవాల్సి వచ్చింది. మొదట్లో ఆయన సంజ్ఞలు మూడేళ్ళ పిల్లాడిలా ఉండేవి, నేను పళ్ళు బిగబట్టి నవ్వాపుకునేదాన్ని. కానీ ఆ రోజు నుంచే మా ఇద్దరి మధ్యా ఎవరిది తక్కువ అన్నది మారింది. మాస్టారూ, పది పన్నెండు సంజ్ఞల దగ్గర ఆగకండి. ఈ మొత్తంలో మీకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

ఉద్యోగం గురించి నిదానస్తుడు గారి మాట నిజమే, ఎవరూ పూచీ ఇవ్వలేరు. అయితే ఏ భాష నమూనాలు పోగు చెయ్యాలన్నా ఆ భాష మనుషులు కావాలి. బ్రిటిష్ సంజ్ఞా భాష కోసం 8 నగరాల్లో 249 మంది బధిరుల్ని వీడియో తీశారు. ఊళ్ళో మనుషుల్ని వెతికి, కూర్చోబెట్టి మాట్లాడించింది బధిరులే. కారణం తేలికే, కెమెరా వెనక వినికిడి ఉన్నవాళ్ళుంటే మేం తెలీకుండానే సంజ్ఞలు మార్చేస్తాం, మాట భాష వరసలోకి జరిగిపోతాం. పట్నం నుంచి ఎవరో కాగితం పట్టుకుని వస్తే పల్లెలో పెద్దాయన గ్రాంథికం మాట్లాడినట్టు.


దుబాసీ
బుధవారం, రాత్రి 10:50

వీడియో తీయడం గురించి ఇంతమంది రాశారు, ఒకటి మర్చిపోయారు. మాట్లాడే భాషలో రికార్డింగ్ తీసి పేరు మారిస్తే సగం గుట్టు దాగుతుంది. ఇక్కడ మొహం మసక చేస్తే వ్యాకరణం పోతుంది. దాచడానికి లేదు. అందుకే అనుమతి పత్రం మీద సంతకం పెట్టించుకుంటే చాలదు, ఆ పత్రంలో ఏముందో సంజ్ఞల్లో చెప్పించి, అతను ఒప్పుకోవడం కూడా సంజ్ఞల్లోనే రికార్డు చెయ్యాలి. ఈ వీడియో ఎవరు చూస్తారు, సదస్సులో చూపిస్తారా, పదేళ్ళ తర్వాత వద్దంటే తీసేస్తారా? ఊళ్ళో బధిరులందరికీ ఒకళ్ళకొకళ్ళు తెలుసు. ఎవరింటి గొడవో కథగా చెప్పిన వీడియో బయటికెళ్తే ముఖం చూపించలేరు. సంజ్ఞా భాషల భాషాశాస్త్ర అంతర్జాతీయ సంఘం వాళ్ళ నీతి నియమాల్లోనూ బధిర సముదాయం ప్రమేయం గురించి ఉంది, మాస్టారు ఒకసారి చూడండి. కుర్రాడికి ఇది మొదటి వారమే చెప్పాలి. ఎందుకంటే రేపు అతను తీసేది తన స్నేహితులనే.


పలకాబలపం
మరుసటి వారం, శుక్రవారం, రాత్రి 9:15

అందరికీ ధన్యవాదాలు. వారం పదిరోజుల సంగతి చెప్పాలి. కొంత మంచి, కొంత నా తెలివితక్కువ.

తెలివితక్కువ ముందు. ఇక్కడ ఇంత చదివీ మొదటి రోజు అతనికి ముప్ఫై పేజీల వ్యాసం ఇచ్చాను. మంచి వ్యాసం, కరోల్ పాడెన్ క్రియల గురించి చేసిన పనిని వివరించేది. ఆవిడా బధిరురాలే కాబట్టి ఉత్సాహం వస్తుందనుకున్నా. మూడు రోజులు కనపడలేదు. నాలుగో రోజు వచ్చి కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మొదటి పేజీలో ప్రతి రెండో మాట కిందా గీత.

అప్పుడు ఎలాన్ కూలీ గారి వరస గుర్తొచ్చింది. కాగితాలు పక్కన పడేసి, బోర్డు మీద తెలుగులో "ఇచ్చాను, ఇచ్చావు, ఇచ్చాడు" రాశాను. ఇచ్చిందెవరో క్రియ చివర తెలుస్తోంది, ఎవరికిచ్చారో తెలుస్తోందా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. మీ భాషలో? అతను చెయ్యి తన దగ్గర్నుంచి నా వైపు కదిపాడు. నేను నీకిచ్చాను. నా వైపు నుంచి కిటికీ వైపు. మీరు అతనికిచ్చారు. ఒక్క కదలికలో ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ. మరి 'ఇష్టపడటం' అలా కదులుతుందా అన్నాను. చేసి చూశాడు. ఆగాడు. ఇంకోటి చేశాడు. కదిలే క్రియలు, కదలని క్రియలు అని రెండు వరసలు తనే రాయడం మొదలుపెట్టాడు. పాడెన్ చేసిన విభజన కూడా ఈ దారిలోనిదే. గంట తర్వాత బల్ల మీది కాగితాలు తనే తీసుకెళ్ళాడు.

సంజ్ఞా భాష క్లాసులో చేరాను. మాస్టరు బధిరుడు. మొదటి రోజే నా కనుబొమలు కదలట్లేదని రెండుసార్లు తిట్టారు.

ఇంకో సంగతి, ఈ లింకు అతనికిచ్చాను. నా గురించి ఏం రాసినా పర్వాలేదన్నాను.


వెనకబెంచి
శనివారం, సాయంత్రం 5:05

నేనే ఆ కుర్రాడిని. అంతా చదివాను. రెండుసార్లు.

మాస్టారు మంచివారు. కానీ 'పాపం ఇతనికి ఇదంతా ఎందుకూ' అన్నారు కదా, ఆ పాఠమే నాకు అన్నిటికన్నా నచ్చింది. చిన్నప్పుడు మాట నేర్పేవాళ్ళు నా నోట్లో వేలు పెట్టి నాలుక ఇక్కడ, అక్కడ అని నొక్కేవాళ్ళు. ఎందుకో చెప్పలేదు. ఎనిమిదేళ్ళు. మీ పాఠంలో నాలుక పటం చూశాక అర్థమైంది. అది శిక్ష కాదు, శాస్త్రం.

నాకొక ప్రశ్న ఉంది. పెద్దది కాదు. మా హాస్టల్‌లో 'అయిపోయింది' అనే సంజ్ఞ ఉంది. సీనియర్లు వాక్యం చివర విడిగా చేస్తారు, రెండు చేతులతో, ఆగి. తినడం. ఆగు. అయిపోయింది. మా జూనియర్లు ఆగరు. 'తినడం' చేస్తూనే చెయ్యి చివర్లో చిన్నగా విదిలిస్తారు, ఒక్క చేత్తో. అది లేకపోతే తింటున్నాడు, ఉంటే తినేశాడు. సీనియర్లు అది బద్ధకం, పాడుభాష అంటారు. నాకు బద్ధకం అనిపించట్లేదు. ఎందుకంటే 'నిద్రపోవడం'తో జూనియర్లెవరూ అలా విదిలించరు, అక్కడ విడిగానే చేస్తారు. బద్ధకమైతే అన్నిటికీ చెయ్యాలి కదా.

ఇది పరిశోధన అవుతుందా, లేక మా హాస్టల్ గొడవేనా?


ఎలాన్ కూలీ
శనివారం, సాయంత్రం 5:40

తమ్ముడూ, 'తినేశాడు' అని నువ్వే రాశావు, అందులో ఏముందో చూడు. ఒకప్పుడు అది 'తిని వేశాడు'. రెండు మాటలు. 'వేయు' అరిగి అరిగి క్రియ చివర అతుక్కుంది, ఇప్పుడు దాని పని 'పూర్తయింది' అని చెప్పడమే. దాన్నెవరూ బద్ధకం అనరు. అమెరికన్ సంజ్ఞా భాషలో కూడా 'ముగించు' అన్న సంజ్ఞ పని పూర్తయిందని చెప్పే గుర్తుగా మారింది, దాని మీద చాలా రాశారు. మీ హాస్టల్‌లో అలాంటిదేదో నీ కళ్ళ ముందే జరుగుతోందేమో. ఇది పరిశోధనే.

ఎంతమందిని చూశావు? వీడియో ఉందా?


వెనకబెంచి
శనివారం, సాయంత్రం 5:52

సీనియర్లు నలుగురు, జూనియర్లు ఆరుగురు. వీడియో లేదు, భోజనాల దగ్గర చూసిందే. తీద్దామనుకున్నా. దుబాసీ మేడమ్ రాసింది చదివి ఆగాను, ముందు అడగాలి కదా. ఈ రాత్రి అడుగుతాను.


రెండు చేతులు
శనివారం, సాయంత్రం 6:10

అడిగేటప్పుడు 'అయిపోయింది' గురించి అని చెప్పకు. చెప్పావంటే సీనియర్లు రెండు చేతులూ ఎత్తి గ్రాంథికం మొదలుపెడతారు. "రోజంతా ఏం చేశావో చెప్పు" అని మాత్రం అడుగు, అసలు సంగతి తర్వాత చెప్తానని ముందే ఒప్పించుకో. తీశాక తప్పకుండా చెప్పు, అప్పుడు వద్దంటే తీసెయ్యి. 'నిద్రపోవడం' ఒక్కటే కాదు, 'ఇష్టపడటం', 'తెలియడం' లాంటివి కూడా వస్తాయేమో చూడు. మాస్టారి దగ్గర నువ్వు రాసిన ఆ రెండు వరసల పక్కన మూడో వరస పెట్టుకో.

బుధవారం రాత్రి మా నలుగురి వీడియో కాల్ ఉంది. వస్తావా?


వెనకబెంచి
శనివారం, సాయంత్రం 6:12

వస్తాను. మాస్టారు కూడా రావచ్చా? కనుబొమలు కొంచెం కదులుతున్నాయి ఇప్పుడు.